టాబీ గొంతు

ఎర్రమట్టి మైదానం చుట్టూ వేసిన చెక్క కంచె మీద హైమక్క కూర్చుని ఉంది, వెంకటగిరి చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి, కాళ్ళు ఊపుకుంటూ, ఒళ్ళో వేడినీళ్ళ ఫ్లాస్కు పెట్టుకుని. పోయినేడు చనిపోయిన మనిషి అక్కడ కనిపించడం నాకేమీ వింతగా లేదు, మోకాళ్ళ నొప్పులతో స్టూడియో మెట్లే ఎక్కలేని ఆవిడ అంత ఎత్తు ఎలా ఎక్కిందా అని మాత్రం ఆలోచిస్తున్నాను.

కంచె లోపల గుర్రాలు, గుడారాలు, టోపీలు పెట్టుకున్న తెల్లపిల్లలు. మేమిద్దరం ఒకప్పుడు తెలుగులోకి డబ్బింగ్ చెప్పిన పిల్లల సీరియల్ అది, వేసవి సెలవులు గడపడానికి గుర్రాల రాంచ్‌కి వచ్చిన కుర్రాళ్ళ కథ. మగపిల్లల గొంతులు ఆడవాళ్ళమే చెప్తాం కాబట్టి అల్లరి డెన్నీ నేను, గుర్రాన్ని చూస్తేనే హడలిపోయే గొప్పింటి పిల్లాడు టాబీ ఆవిడ. సీరియల్లో రంగులు లేవు, ఇక్కడ మాత్రం మట్టి కారంలా ఎర్రగా ఉంది, దూరంగా కొండ కనిపిస్తోంది, దగ్గరికి వెళ్ళి ముట్టుకుంటే అది కొండ కాదు, మా యూసుఫ్‌గూడ స్టూడియోలో చప్పుడు పీల్చుకోడానికి గోడకి కొట్టిన గోనెపట్టా.

"నిన్న చెడగొట్టావంట కదే కుముదా?" అంటోంది హైమక్క, చనిపోయాక కూడా స్టూడియో కబుర్లు ఆవిడకి ఎలా చేరుతున్నాయో మరి.

చెడగొట్టిన మాట నిజమే. అప్పట్లో ఛానెల్ వాళ్ళు సీరియల్‌ని మధ్యలో ఆపేశారు, చివరి భాగాలకి డబ్బింగే జరగలేదు. ఇప్పుడు ఇంకెవరో మొత్తం వేస్తామని వచ్చి, టాబీని కూడా నన్నే చెప్పమన్నారు. నిన్న ప్రయత్నిస్తే జలుబు చేసిన డెన్నీలా ఉందని ఇంజనీరు నవ్వాడు. ఇవాళ కూడా కుదరకపోతే కొత్తవాళ్ళతో మొదటి నుంచీ చెప్పిస్తారు.

"నువ్వు చెప్పిందంతా తుడిచేస్తారక్కా," అంటున్నాను. "సినిమాల్లో గుంపులో కేకలు తప్ప నీ గొంతు ఇంకెక్కడా లేదు."

"పోతే పోయిందిలే. ఆ రోజుకి అన్నం పెట్టింది, చాలదూ?" అని ఫ్లాస్కు మూత తిప్పుతోంది, తిప్పుతూనే ఉంది, అది ఎంతకీ రావడం లేదు. "ఇంతకీ మన టాబీ గుర్రం ఎక్కుతాడా?"

ఆవిడకి తెలియదు. మాకు ఏ రోజు చెప్పాల్సిన ముక్క ఆ రోజే చూపించేవాళ్ళు, ఆ చివరి భాగాల దాకా ఆవిడ రానేలేదు.

"ఎక్కుతాడు. ఎక్కి పడతాడు. మళ్ళీ ఎక్కుతాడు."

హైమక్క మైదానంలోకి చూస్తోంది. సంతోషించిందో లేదో తెలియడం లేదు, ఆవిడ మొహం ఎప్పుడూ అంతే.

"పడ్డప్పుడు ఏమనిపించావు?"

"ఏమనిపిస్తాం? 'అమ్మా' అనిపించాను."

"అఘోరించావు. వాడికి తల్లి లేదు కదే! దెబ్బ తగిలితే చాలు మనవాళ్ళంతా 'అమ్మా' అనేస్తారు, ఎదురుగా ఏ దేశపు పిల్లాడున్నా సరే. నేను వాడిచేత ఒక్కసారన్నా అనిపించానా? ఊపిరి లోపలికి లాక్కుంటాడు, అంతే. అక్కణ్ణించే వస్తుంది వాడి గొంతు. తల్లి ఉన్న పిల్లాడిలా అరిపిస్తే డెన్నీ కాక ఇంకెవడొస్తాడు?"

ఇన్నేళ్ళు పక్కనే నిలబడి ఒకే మైకులో చెప్పాను, ఇది గమనించనేలేదు. సిగ్గుగా ఉంది, అంతకన్నా ఎక్కువగా ఆవిడ మీద బెంగగా ఉంది, ఆ మాట పైకే అంటున్నాను.

"బెంగ తర్వాత. ముందు డైలాగు చెప్పు," అంటూ కంచె దిగుతోంది, దిగేసరికి అది మైకు స్టాండు అయిపోతోంది, గుర్రాలు స్టూడియో వరండాలో చెప్పులు విడిచే చోట బుద్ధిగా నిలబడుతున్నాయి. గుర్రం మీది మాటలకి కుదుపు రావాలని మేం ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని ఊపేవాళ్ళం. ఆవిడ ఇప్పుడు నా భుజాలు ఊపుతోంది, తెర మీద టాబీ కళ్ళాలు పట్టుకుంటున్నాడు, నేను ఊపిరి లోపలికి లాక్కుని చెప్తున్నాను, ఎంత చెప్పినా నా మాట నాకే వినిపించడం లేదు, హైమక్క మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటోంది, వింటూ తల ఊపుతోంది, ఇంతలో ఎక్కడో బెల్లు మోగుతోంది.

మంచం దిగి వెళ్ళి తలుపు తీశాను. గిన్నెలు తోమడానికొచ్చే పనమ్మాయి అండాలు గుమ్మంలో నిలబడి ఉంది, చిరాగ్గా.

"ఎంతసేపు కొట్టాలమ్మా బెల్లు? సుట్టాలొచ్చిన్రా? లోపట గా పిలగాడెవరు?"

"ఏ పిల్లాడు?"

"ఏమో, తలుపు బయటికే ఇనవడ్తుంది. బుగులువడుకుంట, వణుక్కుంటనే మాట్లాడుతుండు, పాపం."

ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. నా గొంతు మాత్రం పొడిగా, అప్పటిదాకా వాడినట్టుగా ఉంది.

"మా హైమక్క కొడుకు," అన్నాను. "మధ్యాహ్నం నాతో స్టూడియోకి వస్తున్నాడు."