ముడుపు విప్పిన శనివారం

వేంకటేశ్వరస్వామి పటం పక్కన మేకుకు పసుపుగుడ్డ ముడుపు వేలాడుతోంది. చూడకూడదనుకుంటూనే సోమయ్య దానివైపే చూస్తున్నాడు.

అతను మిలట్రీలో పళ్ల డాక్టరు, కెప్టెన్. పై చదువు పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోది ఆఖరుది. అది రాసే ముందు తల్లి నర్సింహమ్మ చేత తనే ముడుపు కట్టించాడు. సీటొచ్చింది. దవడలకు, నోటి జబ్బులకు ఆపరేషన్లు చేసే చదువు. ఒప్పుకుంటే చదివాక పదేళ్లు మిలట్రీ విడవకూడదు. కాదంటే మళ్లీ అడిగే వీల్లేదు. ఏ సంగతైనా ఇవాళ మధ్యాహ్నంలోగా ఊళ్లోని రూపాయి బిళ్ల ఫోను నుంచి చెప్పాలి. ఆ పదేళ్ల షరతు అతనికి మొదట్నుంచీ తెలిసిందే. రాని సీటుకు షరతులేమిటని, సీటొచ్చేదాకా ఇంట్లో చెప్పలేదు.

వచ్చే ఏడాదికి అతని కొలువు గడువు తీరుతుంది. తీరగానే వచ్చేస్తానని భార్య హైమావతికి మాటిచ్చాడు. ఆమె సంగారెడ్డి బడిలో టీచరు. పెళ్లయిన నాటినుంచి వాళ్లు కలిసి బతికింది సెలవుల్లోనే.

"ఇచ్చిన దేవున్ని గిట్ల ఆపుతర్రా?" అంది నర్సింహమ్మ. "విప్పు బిడ్డా, ఇగ కొండకు పోదాం."

"జెర ఆగే అమ్మా."

"అడిగింది నువ్వే కదరా!"

అంతలో మేనమామ కొడుకు పెంటయ్య వచ్చాడు. మందుల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. నిద్ర రాకుండా గుట్కా నమిలీ నమిలీ అతని నోరు బిగుసుకుపోయింది. నోట్లో మూడు వేళ్లు నిలువుగా పెట్టమని సోమయ్య అంటే ఒక్కటే దూరింది.

"కారం తింటె మంట బావా. ముద్ద గూడ పడ్తలేదు. కోసి తెరుస్తరట గద. నువ్వే కొయ్యరాదు?"

"నాకు రాదు పెంటయ్యా. అది వేరే చదువు."

"మరి చదువు. ఎవలొద్దన్నరు?" సందులోంచే నవ్వాడు పెంటయ్య. "నువ్వొచ్చేదాక గీ వేలంత జాగ ఉంచుత తియ్."

"నాకోసం ఆగకు. సోమారమే పట్నం పెద్ద దవాఖానకు పో. గుట్కా ఇయ్యాల్నే బంద్ చెయ్."

సోమయ్య వంటింట్లోకి వెళ్లాడు.

"ఏమంటవ్ హైమా?"

"నేనేమంట? మీరు దేవున్ని అడిగిన్రు. నన్ను అడగలె."

"ఇప్పుడు అడుగుతున్న కద."

"ఆయన ఇచ్చినంకనా?" ఆమె స్టవ్ తగ్గించింది. "నేను వద్దంటె జిందగంత మీరు నా దిక్కు గుర్రుగ చూస్తరు. సరే అంటె జిందగంత నేను మీ తొవ్వ చూడాలె. ఇందుల నేననేది ఏముంది?"

సోమయ్య పటం ముందుకొచ్చి నిలబడ్డాడు. మంచుకొండల్లో ఉన్నా శనివారం ఒక్కపొద్దు విడవనివాడు. అడిగింది ఇవ్వడమేనా స్వామి పని? అడిగేవాడు ఏమడుగుతున్నాడో చూడడా? చూసే ఇచ్చాడా? పటంలో స్వామి కళ్లమీద నామం దిగి ఉంది. అరుగుమీద పెంటయ్య చాయ్‌ను పళ్ల సందులోంచి పీలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

సోమయ్య చెయ్యెత్తి ముడుపు దించాడు.

ముడి రాయిలా గట్టిపడింది. గోళ్లు జారాయి. కత్తెర అందుకోబోతే నర్సింహమ్మ అరిచింది.

"కత్తెర వెట్టకు! ముడుపు కొయ్యరాదు."

పళ్లతో పట్టుకోబోయాడు.

"ఎంగిలైతది, పాపం!"

తన పనిముట్ల పెట్టెలోంచి పళ్లు గీకే కొక్కెం తీశాడు.

"అది పటాలమంత నోట్లె వెట్టింది కాదురా?"

"చేతులే లేకుంట చేస్తివి అత్తా డాక్టర్‌ను!" అన్నాడు పెంటయ్య.

సోమయ్యకు నవ్వు రాలేదు. కొయ్యరాదు, కొరకరాదు. ముడుపు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు.

హైమావతి చేతులు కడుక్కుని వచ్చింది. పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి, ముడుపును ఒళ్లో పెట్టుకుని, ముడి సందులో మొన దూర్చి ఒక్కొక్క పేటే లాగింది. తల ఎత్తలేదు. చివరికి గుడ్డ విడిపోయి, పసుపుపట్టిన రూపాయి ఆమె అరచేతిలో పడింది.

సోమయ్య దానికోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. తీసుకెళ్లి స్వామి ముందు పెట్టింది.

"ఇది దేవునిది," అంది. బడికి తీసుకెళ్లే సంచి వెతికి కొన్ని రూపాయి బిళ్లలు తీసి అతని చేతిలో పోసింది. "ఫోనుకు గివి వట్టుకపోండ్రి. పన్నెండు గాకముందే."

పిన్నీసు మళ్లీ పుస్తెలతాడుకు పెట్టుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.