నీళ్లు ఆపేస్తాం

మా ఆయన కోతలు కోస్తాడని పెళ్లయిన వారానికే తెలిసింది. ఇంట్లో కోస్తే పోనీలే అనుకోవచ్చు. ఈయన నీళ్ల పంపుల కార్మికుల సంఘానికి నాయకుడై, ఏకంగా మంత్రి ఎదురుగా కూర్చుని కోశాడు.

గొడవ పింఛన్ గురించి. రిటైరైనవాళ్లకి నెలనెలా ఇచ్చేది ఎత్తేసి, ఒక్కసారే కొంత చేతిలో పెట్టి పంపించేద్దామని ప్రభుత్వం ఆలోచన. చర్చల్లో మంత్రి కాస్త దిగొచ్చి, ఈ ఏడాది రిటైరయ్యేవాళ్లకి మాత్రం పాత పింఛనే ఉంచుతానన్నాడు. వాళ్లలో మా ఆయన సొంత బాబాయి ఒకరు. పిన్నిగారికి మంచం దిగే ఓపిక లేదు. పింఛన్ వస్తేనే ఆవిడకి మందులు.

దానికి ఒప్పుకుని, మిగతావాళ్ల కోసం తర్వాత కొట్లాడొచ్చు కదా. ఒప్పుకోలేదు. "ఇస్తే అందరికీ ఇవ్వండి. లేదంటే రేపు పొద్దున ఊళ్లో చుక్క నీరు రాదు" అని బల్ల గుద్దాడట. ఇదివరకు ఇలాంటి బెదిరింపు పనిచేసింది మరి. ఈసారి మంత్రి తొణకలేదు. "ఆపండి, చూద్దాం. నీళ్లొచ్చాయంటే మాత్రం నేనిస్తానన్నది కూడా ఉండదు" అన్నాడట.

అసలు పంపులు ఆపమని ఈయన ఎవరినీ అడిగిందే లేదు. ఆ సంగతి ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ నాకు చెప్పి నవ్వాడు కూడా. అన్నం దగ్గర కూర్చున్నాక నవ్వు పోయింది. చెయ్యి కడిగేసుకుని పంపుహౌసుకి ఫోన్ చేశాడు. ఆ రాత్రి నుంచి పొద్దుటి దాకా డ్యూటీ బాబాయిగారిదే, ఫోనెత్తిందీ ఆయనే. ఆపమని ఈయన బతిమాలాడు, కసిరాడు. ఆస్పత్రికి నీళ్లు వెళ్లేది కూడా ఆ లైన్లోనేననీ, ఆపడం తన వల్ల కాదనీ చెప్పి ఆయన ఫోన్ పెట్టేశారు.

మర్నాడు చర్చల గదిలో మంత్రి మూలనున్న కుళాయి తిప్పి, సబ్బు రుద్దుకుని తీరిగ్గా చేతులు కడుక్కున్నాడట. తుడుచుకుంటూ ఇక మాట్లాడేదేమీ లేదన్నాడట. ఇదంతా మా ఆయన చెప్పలేదు. సంఘంలోనే ఉన్న పక్కింటి ఎలక్ట్రీషియన్ వాళ్లావిడ గోడ మీంచి చెప్పింది. ఆవిడ జాలిపడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం బాబాయిగారు వచ్చారు. తిట్టడానికే అనుకున్నాను. తిట్టినా బాగుండేది. టీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టి అప్పుడు చెప్పారు.

"నా ఉద్యోగం ఎలాగూ అయిపోవచ్చిందిరా. నీకు వీళ్లందరితో ఇంకా బోలెడు పనుంది. నీది ఉత్త బెదిరింపని తెలిస్తే రేపు నీ వెనక ఎవడూ నిలబడడు. సంఘం ఆపమంది, ముసలాడు భయపడి ఆపలేదని చెప్పెయ్. నేను కాదనను."

నాకు తల కొట్టేసినట్టయింది. వద్దు బాబాయిగారూ అన్నాను. ఆయన నా మాట విననట్టే మా ఆయన వంక చూస్తున్నారు. నేనూ అటే చూశాను. వద్దు బాబాయ్ అంటే చాలు. ఇన్ని కోతలు కోసిన నోటికి ఆ ఒక్క మాట ఎంత?

మా ఆయన ఖాళీ గ్లాసుని అటూ ఇటూ తిప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీటింగులో నువ్వే చెప్తావా బాబాయ్, నన్ను చెప్పమంటావా?"

"నువ్వే చెప్పరా. నాకు నలుగురిలో మాట్లాడటం రాదు" అని బాబాయిగారు లేచి చెప్పులేసుకున్నారు. పెద్దాయన్ని గుమ్మం దాకా సాగనంపాలి. సిగ్గుతో ఆయన మొహం చూళ్లేక నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.