మానిటర్ వెనక స్టూలు

డాక్టర్ జయకుమారి చేతిలో పుట్టడం ఆ రోజుల్లో గుర్గావ్‌లో ఒక హోదా. ఆమె చేతిలో పడ్డ బిడ్డలు కాస్త ఇంగ్లీషు యాసలో ఏడుస్తారని నమ్మే ఆంటీలు కూడా ఉండేవారు. నరసాపురంలో మిషన్ ఆసుపత్రి నర్సు కూతురిగా పుట్టి, గుంటూరులో చదివి, భర్త రాజరత్నం ఉద్యోగం వెంట ఢిల్లీ వచ్చిన మనిషి, ఇప్పుడు పెద్ద ఆసుపత్రి గోడ మీద నిలువెత్తు బొమ్మై నవ్వుతోంది.

ఆమె పని పద్ధతి పేరున్న డాక్టర్లందరి పద్ధతే. నొప్పులు మొదలవగానే వచ్చి, భుజం తట్టి, "నేనున్నా కదా బేటా" అంటుంది. తరువాత ఆ 'నేను' ఎక్కడా కనిపించదు. అరుపులు, చెమటలు, వాంతులు జూనియర్ల వాటా. బిడ్డ తల కనబడిందని ఫోను వెళ్ళగానే దిగి, బిడ్డను అందుకుని, ఫొటోకి నవ్వి, గ్లౌజులు తీసేస్తుంది. సిజేరియనైతే ఇంకా సుఖం. పండిట్‌జీ గడియ పెడతాడు, ఈవిడ కత్తి పెడుతుంది. జాతకాలు నమ్మరాదని ఆదివారం తెలుగు చర్చిలో పాస్టరు చెబితే, అందరికన్నా గట్టిగా ఆమెన్ అనేదీ ఈవిడే.

కన్నకూతురు షారన్‌నూ ఇదే పద్ధతిలో పెంచింది. స్కూలు నాటకానికి చివరి చప్పట్లకి అందుకునేది. పెళ్ళిలో మాత్రం అంచనా తప్పింది. ప్రార్థన సగంలో ఉండగా ఫోనొస్తే, ఇప్పుడే వస్తానని వెళ్ళింది. తిరిగొచ్చేసరికి హాల్లో కుర్చీలు దొంతరలు పెడుతున్నారు. షారన్ అత్తవారితో గ్రేటర్ నోయిడా వెళ్ళిపోయింది. కారెక్కే ముందు పిల్ల ఎవరిని పట్టుకుని ఏడ్చిందో ఆవిడకి తెలియదు. అడిగే ధైర్యం చాలలేదు.

షారన్ కడుపుతో ఉందనగానే, తొలికాన్పు పుట్టింటిదే కదా అని తన ఆసుపత్రిలో మంచి గది అట్టిపెట్టించింది.

"కాన్పు కావేరి ఆంటీ చేస్తుంది మమ్మీ," అంది షారన్. "డాక్టర్ మిల్ గయీ, డాక్టరు దొరికేసింది. నువ్వు మమ్మీలా రా. మొదట్నుంచి చివరిదాకా కూర్చో. మధ్యలో లేచి వెళ్తే మాత్రం తరవాత రాకు."

"తరవాతంటే?"

"తరవాతంటే ఎప్పుడూ."

ఆ మాట నవ్వుతూ అనలేదు.

నొప్పులు వచ్చిన రోజు రెండువేల ఎనిమిది, ఆగస్టు ఎనిమిది. మూడు ఎనిమిదులు కలిసి వచ్చాయని ఊళ్ళోని డబ్బున్నవాళ్ళంతా వారసులను ఆ రోజే దించాలని తీర్మానించారు. జయకుమారి ఆపరేషన్ థియేటరు ముందు దీపావళి నాటి మిఠాయి కొట్టంత రద్దీ. అదంతా అసిస్టెంటు ఉమకి ఒప్పజెప్పి, ఆవిడ వసంత్ కుంజ్‌లో కావేరి నడిపే చిన్న నర్సింగ్ హోముకి వచ్చింది.

వచ్చింది గాని, కళ్ళు కూతురి మీద లేవు. బిడ్డ గుండె చప్పుడు గీసే మానిటర్ మీదే ఉన్నాయి.

"కావేరీ, ఈ డ్రిప్పు ఇంత నెమ్మదిగానా? ఎడమవైపు తిప్పు పిల్లని."

ఒకప్పుడు ఆమె దగ్గరే జూనియరుగా చేసిన కావేరి, "అచ్ఛా మేడమ్," అని ఆయాను పిలిచి, ఆవిడ స్టూలు తీసుకెళ్ళి మానిటర్ వెనక వేయించింది. అక్కడ నుంచి వైర్లు, షారన్ మొహం తప్ప ఇంకేమీ కనిపించవు.

నొప్పి వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది.

"ఇంకా ఎంతసేపే కావేరీ?"

"పేషెంట్లు అడిగితే మీరేం చెప్తారు మేడమ్?"

"వాళ్ళడిగేసరికి నేనుండను కదే."

కాన్పులో మొదటికీ చివరికీ మధ్య ఇంత పొడుగుంటుందని ఆవిడ మరిచిపోయి చాలా ఏళ్ళయింది.

అంతలో ఫోను. ఉమ గొంతు గదంతా వినిపించింది. "మేడమ్, బిల్డర్ దశరథ్‌గారి కోడలు. ముహూర్తం దగ్గరపడింది. మీ చెయ్యే కావాలంటున్నారు. కారు పంపుతారట."

షారన్ పట్టుకున్న తల్లి చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగింది. అలవాటైన పిల్ల.

జయకుమారికి ఖాళీ కుర్చీల హాలు గుర్తొచ్చింది. వదిలేసిన చేతిని మళ్ళీ పట్టుకుంది.

"నేను రానని వాళ్ళకి చెప్పి, నువ్వే చెయ్యి ఉమా."

"ఒప్పుకోరు మేడమ్."

"అయితే పండిట్‌జీనే చెయ్యమను."

ఫోను కట్టేసింది. ఆ తరువాత దేశమంతా పేరున్న డాక్టరు నడుము రుద్దింది, వాంతి పట్టింది, తిట్లు తిన్నది. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. బిడ్డను అందుకోవడానికి ఆవిడ చేతులు వాటంతట అవే లేచాయి. ఒకదాన్ని షారన్ వదల్లేదు. బిడ్డను కావేరే అందుకుంది.

ఫోను తెరవగానే దశరథ్ లైన్లోకి వచ్చాడు.

"డాక్టర్ సాబ్, మనవడు పుట్టాడు. ఉమా దీదీ చేసింది, ఠీక్ హై. కానీ అందరికీ మీరే చేశారని చెప్పేశాం. పేపర్ వాళ్ళకి కూడా. మీరు కాదనకండి."

"నేను చెయ్యలేదండీ."

"అదే అనకండంటున్నా."

మర్నాడు పేపర్లో ఆవిడ ఫొటో, ఎనిమిదుల బిడ్డలందరినీ ఆవిడే భూమ్మీదికి తెచ్చినట్టు వార్త పడ్డాయి. రాజరత్నం కత్తిరించి షారన్ గదికి తెచ్చాడు. ఆవిడ దాన్ని పక్కన పెట్టి, ఫ్లాస్కు తీసుకుని లేచింది.

"జా రహీ హో? వెళ్తున్నావా?" అంది షారన్, కళ్ళు తెరవకుండానే.

"టీ తెస్తానమ్మా."

"డాడీ తెస్తారులే. కూర్చో."

ఆవిడ ఫ్లాస్కు భర్త చేతిలో పెట్టి కూర్చుంది.