కాడి కింద ఆండాలు

నైజాం రాజ్యం పోయి ఏడాది తిరగలేదు, ఇప్పుడు కోదాడ వెంకటనర్సయ్య సేటు కూడా పోయాడట. అదే, దివాలా తీశాడట! సూర్యాపేట సంతలో ఆ మాట ఆండాలు చెవిన పడింది. నిన్ననే ఆయనకు అరవై ఉన్ని గొంగళ్లు అరువు మీద, బండి తోలే సోమ్లాతో పంపింది. పన్నెండు కురుమ ఇళ్లవాళ్లు ఏడాదంతా వడికి నేసినవి. అవి పోతే వాళ్లకు ఏ మొహం చూపిస్తుంది? బస్సెక్కి కోదాడలో దిగి, ముందు వకీలు గుమాస్తాను పట్టుకుంది.

“దివాలా అర్జీ పెట్టాడమ్మా. బండి ఆయన వాకిట్లో కాడి దించిందా, సరుకు ఆయనదైనట్టే, మా బజారు వాడుక అది. ఆయనదైతే కోర్టుకు పోద్ది.”

“కోర్టుకు గొంగళ్లెందుకు సారూ? కప్పుకుంటదా?”

గుమాస్తా నెత్తి కొట్టుకున్నాడు. “దించకముందే వెనక్కి తోలించుకో తల్లీ, పరుగెత్తు!”

తీరా వెళ్తే దుకాణం తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. సేటు అరుగు మీద కూర్చుని నిమ్మళంగా వక్క నములుతున్నాడు. ఇదేం దివాలా తల్లీ! దివాలా తీసినవాడు ఏడవొద్దా? కనీసం తలుపులైనా వేసుకోవద్దా?

బండి అప్పుడే వాకిట్లోకి వచ్చి ఆగింది. ఎడమ ఎద్దు నురగలు కక్కుతూ కూలబడేలా ఉంది.

“ఎడ్లను ఇడువు సోమ్లా, నీళ్లు తాపుదం,” అన్నాడు సేటు. దయో, ఎత్తో, ఆ దేవుడికే తెలియాలి.

“కాడి దించకు!” అని అరిచింది ఆండాలు.

“ఎద్దు సస్తదక్కా!” అన్నాడు సోమ్లా.

అయ్యో, అదీ నిజమే! గొర్లమందలో పెరిగిన మనిషి, నోరులేని జీవం దప్పికతో అల్లాడుతుంటే చూడలేదు. అలాగని గొంగళ్లను వదులుకోనూ లేదు. ఏం చేయాలో తోచక, కొంగు నడుముకు దోపి, వెళ్లి, కాడి నేలకు దిగకుండా దాని కింద తన మెడ పెట్టింది.

“ఇగ ఇడువు! రెంటినీ ఇడువు!”

ఎడ్లు తొట్టి దగ్గరికి పోయాయి. సోమ్లా రెండో వైపు భుజం పెట్టాడు. ఇద్దరూ కలిసి బండిని వీధిలోకి వెనక్కి నెట్టబోయారు. కదిలితే ఒట్టు! ఆండాలుకు మెడ నరాలు తెగిపోతున్నాయి, కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. అంతలో ఉన్నట్టుండి చక్రాలు దొర్లాయి. తలెత్తి చూస్తే, వెనక నుంచి బండిని పట్టి లాగుతున్నది సేటే!

బండి వీధిలో పడ్డాక సేటు చేతులు దులుపుకున్నాడు. ఏమీ జరగనట్టే అడిగాడు. “వచ్చే ఏడు గూడ తెస్తవా ఆండాలూ?”

ఈ మనిషి దొంగా, దొరా? ఆమెకు అర్థమై చావలేదు. ఇరవై ఏళ్లుగా ఆయనకే అమ్మిన అలవాటుతో నోరు జారింది.

“తెస్త సేటూ,” అనేసి, కాడి కిందే నాలుక కరుచుకుంది.