ఒక్క పంటికి మూడు వందల దీపాలు

మా ఇంట్లో నాకు తప్ప అందరికీ పళ్లున్నాయి. నా కోడలికైతే సొరుగుల నిండా ఉన్నాయి. ముందు పళ్లది ఒక సొరుగు, దవడ పళ్లది ఒక సొరుగు, మైనం, గులాబీ రంగు పొడి, సుద్ద అచ్చులు కలిపి ఇంకో సొరుగు. కట్టుడు పళ్లు చేయడం దాని పని. నాకూ ఒక సెట్టు చేసిపెట్టింది. ముత్యాల్లాంటి సెట్టు. తినేటప్పుడు మాత్రం తీసి గిన్నెలో పెట్టుకుంటాను, అరిగిపోకుండా ఉంటాయని. ఈ మాటకు కోడలు నవ్వుతుంది గానీ, చేసిన మనిషికి లోపల ఎక్కడో కలుక్కుమంటుందని నాకు తెలుసు.

పదకొండేళ్లు అది ఊరికి ఆ చివరన ఉన్న ల్యాబులో చేసింది. వెళ్లడానికి రెండు బస్సులు, రావడానికి రెండు బస్సులు. ఇల్లు చేరేసరికి మెడ కొయ్యబారిపోయి ఉండేది, కనుబొమల మీద సుద్ద పొడి ఉండేది. ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక మనిషి మొత్తం తిరిగేది. అలాంటి సమయంలో ఒక పళ్ల డాక్టరమ్మ, పని ఇంటికే పంపుతాను, ముందు ఒక్క పన్ను చేసి చూపించు అంది. ఎవరికీ కనపడని మూల పన్ను అయితే మా కోడలు కళ్లు మూసుకుని చేసేస్తుంది. డాక్టరమ్మ అంత అమాయకురాలా? పై వరుసలో నట్టనడిమి పన్ను ఇచ్చింది. పక్కనే అసలు పన్ను ఉంటుంది. ఏది పుట్టింది, ఏది పెట్టింది అని చూసినవాళ్లకు తెలియకూడదు. శుక్రవారం పది గంటలకు చూస్తానంది. కుదిరితే పని ఇంట్లోనే. కుదరకపోతే సోమవారం నుంచి మళ్లీ ల్యాబు, మళ్లీ నాలుగు బస్సులు. పెట్టిన సెలవు అంతవరకే.

ఆ పన్ను ఒక బస్సు కండక్టరుది. డ్రైవరు ఉన్నపళంగా బ్రేకు వేస్తే కండక్టరు మొహం వెళ్లి కడ్డీకి తగిలిందట. జనంతో ముప్పై ఏళ్లుగా గట్టిగా పట్టుకోండి, గట్టిగా పట్టుకోండి అన్న మనిషి, ఆ ఒక్క రోజు తాను పట్టుకోలేదు.

కోడలి బల్ల వేసిన గదికి కిటికీ ఉంది, పేరుకి. అవతల పక్కింటి గోడ. ఎండ పొద్దున రెండు గంటలు తొంగిచూసి వెళ్లిపోతుంది. అందుకని మా అబ్బాయి దీపాలు తెచ్చాడు. వాడు లిఫ్టు మెకానిక్కు. బయట ఇరుక్కుపోయిన వాళ్లను విడిపిస్తాడు, ఇంట్లో ఉన్నవాళ్లను ఇరికిస్తాడు. ఆ దీపాలు చుట్ట చుట్టిన పట్టీలా ఉన్నాయి. ఒక్కోటి ఆవగింజంత. లెక్కపెట్టాను, మూడు వందలు. బల్లపైన ఉన్న అర కింది వైపున ఆ పట్టీని నాలుగైదు వరసలుగా అతికించి, స్విచ్చి వేసి, వాడు మా అందరి మొహాలూ చూశాడు, చప్పట్ల కోసం.

వెలుగు లేదనడానికి లేదు. కళ్లల్లో సూదులు గుచ్చినంత వెలుగు. కోడలు పన్ను చేతిలోకి తీసుకుంది. నున్నటి పన్ను కదా, దాని మీద మూడు వందల చుక్కలూ వరసకట్టి మెరిశాయి. పన్ను రంగు చూద్దామంటే చుక్కలే కనపడతాయి గానీ పన్ను కనపడదు. చెయ్యి పెడితే బల్ల మీద ఒక్క చేతికి ఇరవై నీడలు.

"ఇంతమంది చేతులు కలిపితే పని తొందరగా అవుతుందిలే" అంది మా వియ్యపురాలు. కూతురికి సాయం చేయడానికని ఆవిడ అంతకుముందు రోజే దిగింది. సాయమంటే ఆవిడ ఉద్దేశంలో కుర్చీ వేసుకుని దగ్గర కూర్చోవడం.

మా అబ్బాయి పట్టీ మీద తెల్ల టేపు అంటించాడు. గంట తిరక్కుండా వేడికి టేపు జిగురు కరిగి, టేపు ఊడి, నేరుగా మైనంలో పడింది. వియ్యపురాలు తన సంచిలోంచి నూనె పీల్చే కాగితం తీసి ఇచ్చింది. దాన్ని దీపాలకు ఆనించి అంటిస్తే ఆవగింజలు శనగగింజలయ్యాయి, అంతే. రెండో మడత వేశారు. మూడోది వేశారు. మూడో మడతకు కూడా గింజలు పోలేదు, గది పోయింది. ఆ మసక చీకట్లో కోడలు పన్ను ఎక్కడ పెట్టానా అని బల్లంతా తడుముకుంటోంది.

ఇక నేను ఊరుకోలేకపోయాను. లేచి వెళ్లి నా పెట్టె తెరిచి తెల్ల దుప్పటి తీసుకొచ్చాను.

ఆ దుప్పటి గురించి ఒక మాట చెప్పాలి. నేను ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్లు పనిచేశాను. రోజుకు నాలుగు వందల దుప్పట్లు. ఉతికి, ఉడికించి, ఆరేసి, ఇస్త్రీ చేసి పంపేదాన్ని. నా చేతిలోంచి వెళ్లిన దుప్పటి మీద మచ్చ ఉందని అన్న నర్సు లేదు. పని మానేసిన రోజున అక్కడివాళ్లు ఒక కొత్త దుప్పటి ఇచ్చి పంపారు. పంతొమ్మిదేళ్లుగా దాన్ని ఎవరికీ పరవలేదు.

మా అబ్బాయి దాని ఒక అంచు అరకు కట్టి, రెండో అంచు ఎదురు గోడ మేకుకు కట్టాడు. దుప్పటి దీపాలకు మూరెడు కిందుగా ఊయలలా వేలాడింది. స్విచ్చి వేస్తే గింజలు లేవు. మూడు వందలూ కరిగి పాలలా ఒకే వెలుగైపోయాయి. కోడలి చేతికి ఒక్కటే నీడ, అదీ మెత్తగా. అప్పటికి నాకు తత్వం బోధపడింది. గుడ్డయినా కాగితమైనా దీపానికి అతుక్కుని ఉంటే ఎవరి వెలుగు వారిదే. కాస్త ఎడం ఇస్తే ఒకదాని వెలుగు ఇంకోదానిలో కలుస్తుంది. వియ్యాలవారి మధ్య కూడా ఈ మూరెడు దూరం ఉంటేనే చల్లగా ఉంటుందని నేనన్నాను. వియ్యపురాలు తన కుర్చీని ఇంకొంచెం నా వైపు జరుపుకుంది.

అంతా అయ్యాక మా అబ్బాయి పైకి చూసి, దుప్పటి కొంచెం పాతబడినట్టుంది కదమ్మా, పచ్చగా లేదూ, అన్నాడు.

తాతకు దగ్గులు నేర్పినట్టు ఉంది వాడి వరస. తెలుపులో ఎన్ని రకాలో నేను చెప్పడం మొదలుపెట్టాను. ఉడికించిన తెలుపు, ఎండలో ఆరిన తెలుపు, నీడలో ఆరిన తెలుపు, నీలిమందు ఎక్కువైన తెలుపు. మావాడు మధ్యలోనే తన పనిముట్ల సంచి తీసుకుని వెళ్లిపోయాడు. వియ్యపురాలు మాత్రం, ముప్పై ఏళ్లు ఉతికిన చెయ్యి వదినగారిది, ఇప్పుడు మనల్ని కూడా ఉతికి ఆరేస్తుంది, ఎందుకొచ్చిన గొడవ అంది. కోడలు దుప్పటి వంక చూసింది, నా వంక చూసింది, కూర్చుని పని మొదలుపెట్టింది.

గురువారం మధ్యాహ్నం రెండు ట్రిప్పుల నడుమ ఖాళీ చూసుకుని కండక్టరు వచ్చాడు. బస్సును వీధి చివర ఆపించాడు. అతన్ని దుప్పటి కింద కూర్చోబెట్టి నోరు తెరవమన్నాం. కోడలు పళ్ల రంగుల పలక పట్టుకుని, దాని మీది నమూనా పళ్లను ఒక్కొక్కటిగా అతని పన్ను పక్కన పెట్టి చూస్తోంది. ఇటు నుంచి నేను, అటు నుంచి వియ్యపురాలు వంగి చూస్తున్నాం. పాపం, అతను మాట్లాడే మనిషి. నోరు తెరిచి ఉంచి మాట్లాడకుండా ఉండడం అతనికి ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి అయి ఉంటుంది. దవడ పళ్లలో రెండు పుచ్చాయని వియ్యపురాలు అంది. మూడు అని నేనన్నాను. అతను మూడు వేళ్లు చూపించి నా వైపు ఓటేశాడు.

రంగు కుదిరింది. కోడలు ఆ రంగు పన్నును మైనం మీద నిలబెట్టి అతని నోట్లో అమర్చింది. చూశాం. రెండు పళ్లూ కవల పిల్లలే. మా దుప్పటి కింద తేడా చెప్పగల మొనగాడు లేడు. వియ్యపురాలు అద్దం ఇవ్వబోతే కండక్టరు వద్దన్నాడు. ఇంట్లో అద్దాలు మొహమాటపడతాయట, తన బస్సు అద్దమైతే ఉన్నదున్నట్టు చెబుతుందట. మైనం కదలకుండా పెదవులు బిగించి వీధి చివరికి నడిచాడు.

అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మా, మీ గదిలో ఇది నా పన్నే. బయటికెళ్తే మాత్రం వేరే రూటు బస్సెక్కింది. మా డ్రైవరు చూసి, నోట్లో హెడ్‌లైటు పెట్టించుకున్నావా అని అడిగాడు."

గుమ్మం దగ్గర ఎండ ఉంది. అతను నోరు తెరిచాడు. ఒక పన్ను పాత పియానో మెట్టులా ఉంది, దాని పక్కది సున్నం కొట్టిన గోడలా వెలుగుతోంది. డాక్టరమ్మ చూసేది కిటికీ పక్కన, పొద్దున పది గంటల ఎండలో.

వియ్యపురాలు లోపలికెళ్లి కట్లు విప్పి దుప్పటి తెచ్చింది. తన తలగడ గలీబు తీసి దాని పక్కన గుమ్మంలో పరిచింది. ఎవరి తలగడ మీదా తల పెట్టదు ఆవిడ. తన తలగడా, దానికి రెండు కొత్త గలీబులూ వెంట తెచ్చుకుంటుంది.

"వదినగారూ, ఇప్పుడు చెప్పండి" అంది.

చూశాను. నా కళ్లకు రెండూ ఒకలాగే ఉన్నాయి. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. ఒకలాగే ఉన్నాయి. మిగిలిన ముగ్గురూ నా వంక చూస్తున్న తీరును బట్టి అవి ఒకలా లేవని అర్థమైంది. ఏడాది నుంచి దీపం చుట్టూ నాకు పొగలాంటిది కనిపిస్తోంది. కంటిలో పొర వచ్చి ఉంటుందని తెలుసు, చెబితే ఆపరేషన్ అంటారని చెప్పలేదు. పంతొమ్మిదేళ్ల దుప్పటి పచ్చబడింది. నా కళ్లూ పచ్చబడ్డాయి. రెండూ ఒకదాన్నొకటి చూసుకుని మనం తెల్లగానే ఉన్నాం అనుకున్నాయి. పచ్చటి వెలుగు కింద పసుపు పన్నూ తెల్ల పన్నూ అక్కచెల్లెళ్లలా కలిసిపోతాయని కోడలు తర్వాత చెప్పింది.

"నీక్కూడా కనపడలేదా?" అని దాన్ని అడిగాను.

"మొదటిరోజే అనిపించింది అత్తయ్యా. మీరు ముప్పై ఏళ్లు తెలుపుతో బతికినవారు. నా కళ్లదే తప్పేమో అనుకున్నాను."

ఆ మాట అది తగువులా అనలేదు. అందుకే నాకు ఎక్కువ తగిలింది. పదకొండేళ్లు నాలుగు బస్సులు ఎక్కిన మనిషి, నా నోటికి జడిసి సోమవారం మళ్లీ ఎక్కబోతోంది.

కండక్టరు వాచీ చూసుకున్నాడు. ట్రిప్పు నాలుగింటికి ముగుస్తుంది, మళ్లీ వస్తాను, అంతవరకు నోరు మూసుకుని టికెట్లు కొడతాను అన్నాడు. ఆ మాట నిలబెట్టుకోగలడని ఎవరం నమ్మలేదు గనక కోడలు పన్నును తీసి దాచుకుంది.

నేను కూర్చుని వియ్యపురాలి గలీబులు రెండింటినీ కుట్లు విప్పి ఒకటిగా కలిపి కుట్టాను. సూదిలో దారం ఆవిడే ఎక్కించింది. ఎక్కిస్తూ, నా దిండు చలికి వణుకుతుంది ఈ పూట, అంది. కుట్టడం అయ్యాక బక్కెట్లో నీళ్లు పట్టి, కొంచెం నీలిమందు వేసి జాడిస్తే ఇంకా తెల్లగా వస్తుందన్నాను. ముప్పై ఏళ్ల అలవాటు, నోరు ఊరుకోదు కదా.

"వద్దు" అంది కోడలు. "నీలం వెలుగులో ఇంకో తప్పు చేస్తాను అత్తయ్యా. వట్టి గుడ్డే కావాలి" అంది.

నేను బక్కెట్టు తీసుకెళ్లి ఒంపేశాను. మా అబ్బాయి వచ్చి గలీబుల గుడ్డను దీపాలకు మూరెడు ఎడంగా లాగి కట్టాడు. గింజలు మళ్లీ కరిగాయి. నాకు తేడా తెలియలేదు గానీ వాళ్లందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. కండక్టరు నాలుగుంపావుకి వచ్చాడు. ఈసారి కోడలు పలకలో అయిదు పళ్లు మార్చి ఆరోది ఎంచింది. ఎంచిన ప్రతిసారీ అతన్ని గుమ్మం దాకా నడిపించింది. ఆ సాయంత్రం అతను మా ఇంట్లో ఎన్ని ట్రిప్పులు కొట్టాడో అతనే చెప్పాలి. చివరి ట్రిప్పుకి బస్సు అద్దం దాకా వెళ్లొచ్చి, కోడలికి చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు.

శుక్రవారం డాక్టరమ్మ అతన్ని కిటికీ దగ్గర నిలబెట్టి, చిన్న అద్దం పెట్టి ఇటూ అటూ చాలాసేపు చూసిందట. తర్వాత అసలు పంటిని వేలితో తట్టి, ఈ మూలన ఇంకాస్త నునుపు చెయ్యాలి అందట. అది మా అమ్మ ఇచ్చిందండీ అన్నాడట కండక్టరు.

శనివారం డాక్టరమ్మ దగ్గర్నుంచి ఒక డబ్బా వచ్చింది. లోపల పదకొండు అచ్చులు. వియ్యపురాలు గలీబులు అడగకుండానే ఊరెళ్లిపోయింది. కంటి డాక్టరు నన్ను మంగళవారం రమ్మన్నాడు.

సోమవారం పొద్దున్నే కోడలు బల్ల దగ్గర కూర్చుంది. అప్పటికి రెండో బస్సు కోసం నిలబడి ఉండవలసిన వేళ. నేను పక్కన కూర్చుని ఒక అచ్చు తీసి చూసి, ఈ మనిషి పై పన్ను కాస్త వంకరగా పెట్టినట్టున్నావే అన్నాను.

"వంకర మీరు అచ్చు పట్టుకోవడంలో ఉంది అత్తయ్యా, తలకిందులుగా పట్టుకున్నారు" అంది, తల ఎత్తకుండా.

తిప్పి పట్టుకున్నాను. సరిగ్గానే ఉంది.