లోపలి గడియ

"గాలి తగ్గినట్టుంది, పైకెళ్ళి అద్దాలు తుడిచి రా. టీ నేను పెడతాలే," అన్నారు మా ఆయన, నాకేదో పెద్ద సుఖం ఏర్పాటు చేస్తున్నట్టు.

ఈ దీవిలో లైట్‌హౌస్ కాపరి ఉద్యోగం ఆయనది. దీపం గది బయట, గుండ్రంగా తిరిగే సన్నటి ఇనుప వసారాలో నిలబడి అద్దాల మీది ఉప్పు తుడిచే పని మాత్రం నాది. "వాడికి చిన్నప్పట్నించీ ఎత్తు పడదమ్మా, నువ్వే కాస్త చూసుకోవాలి," అని అత్తగారు పెళ్ళైన కొత్తలోనే చెప్పారు, వాడికి పాలు పడవు అన్నంత మామూలుగా. నాకు పడుతుందా అని అడగాలని ఆవిడకి తోచలేదు. చెప్పాలని నాకూ తోచలేదు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు ముందు ఆయన "మా ఆవిడ ఉత్త పిరికిదండీ, ఉరిమితే దుప్పట్లో దూరుతుంది," అని నవ్వితే నేనూ నవ్వి ఖాళీ కప్పులు తీశాను. నిజమే, పిరికిదాన్నే. కాళ్ళ కింది ఇనుప జాలీ సందుల్లోంచి అలల నురగ కనిపిస్తే వసారా కమ్మీని రెండు చేతులా పట్టుకుంటాను. అందుకే కిందికి చూడను. గోడ అంచున గూడు పెట్టుకున్న తెల్లటి సముద్రపక్షుల జంటను చూస్తాను. ఒకటి వేట నుంచి వచ్చి పక్కన వాలితే గానీ రెండోది గుడ్ల మీంచి లేవదు. అందాకా అటే చూస్తూ నిలబడి, ఆ తరవాతే గుడ్డ తడుపుతాను.

ఆ రోజు గుడ్డ పిండుతుండగా గాలి విసురుకి వెనక తలుపు దభాలున మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. పక్షులు అరుస్తూ లేచాయి. ఒక చేత్తో కమ్మీ పట్టుకున్నాను. "ఏమండీ" అని అరిచాను. అరుపు గాలికి కొట్టుకుపోయింది. బకెట్టుతో తలుపు బాదాను.

ఆయన వచ్చారు. అప్పుడే తుడిచిన అద్దంలోంచి స్పష్టంగా కనిపించారు. లోపల మెట్ల చివర ఆగిపోయారు. నాలుగడుగులు వేస్తే గడియ అందుతుంది. నా వైపు చూశారు, నా వెనక ఏమీ లేని ఆకాశం వైపు చూశారు. ఉన్నచోటే కూలబడ్డారు. "వస్తున్నా, ఉండు," అన్నట్టు పెదాలు కదిలాయి. తరవాత వెనక్కి పాక్కుంటూ మెట్లు దిగిపోయారు.

ఎవరినైనా పిలుచుకొస్తారేమో అనుకున్నాను. ఈ దీవిలో మేమిద్దరమేనని కాసేపటికి గుర్తొచ్చింది.

తలుపు పక్కనున్న చిన్న అద్దాన్ని బకెట్టు అంచుతో పగలగొట్టి, చెయ్యి దూర్చి గడియ తీశాను. మోచెయ్యి చీరుకుంది.

వంటింట్లో టీ మరుగుతోంది. ఆయన స్టవ్ ముందు నిలబడి ఉన్నారు.

"అద్దం పగలగొట్టావా? ఆఫీసుకేం చెప్పాలిప్పుడు?" అన్నారు. రక్తం చూసి తల దించుకున్నారు. "నాకు భయమేసిందే."

"నాకు రోజూ వేస్తుందండీ," అన్నాను.

వైర్‌లెస్ తీసి ఒడ్డునున్న ఆఫీసువాళ్ళని పడవ పంపమని అడిగాను. ఎందుకని అటునుంచి అడిగారు.

"అద్దాలు తుడిచే మనిషిని తీసుకురండి," అన్నాను. "తిరుగు పడవలో నేనొస్తాను."