మాయమ్మకు దప్పిక

చచ్చినవాళ్లకు మేలు చేస్తున్నానని చెప్పడానికి ఎవరైనా రాత్రంతా బస్సులో కూర్చొని వస్తారా? సాయిప్రసాద్ వచ్చాడు. బెంగళూరు నుంచి ఎమ్మిగనూరులో అక్క సుబ్బక్క ఇంటికొచ్చి, మగ్గం పక్కన పీట వేసుకొని కూర్చున్నాడు. అక్క ఇచ్చిన కాఫీ ముట్టలేదు.

"మా సంఘంలో కాఫీ తాగరక్కా."

"కాఫీ తాగనీయని దేవుడు ఏం దేవుడప్పా!" అంది సుబ్బక్క.

ఆ సంఘం పుట్టింది అమెరికాలో. తెల్లచొక్కా, టై, జేబుమీద పేరుబిళ్లతో ఇద్దరిద్దరుగా తిరిగే కుర్రాళ్లు దాన్ని దేశదేశాలకూ మోశారు. మోర్మన్లంటారు వాళ్లను. మూడేళ్ల కింద బెంగళూరులో సాయిప్రసాద్ గది తలుపూ తట్టారు. తమ్ముడు వాళ్లలో కలిసినా సుబ్బక్క పెద్దగా పట్టించుకోలేదు. ఎవరి దేవుడు వాళ్లకు. ఈ పొద్దు తెచ్చిన కబురుకే ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

"మావాళ్లు చనిపోయినోళ్లకు కూడా బాప్తిస్మం ఇస్తారక్కా. వాళ్ల పేరుమీద బతికుండేవాళ్లు నీళ్లలో మునుగుతారు. బెంగళూరులో మా గుడి ఇంకా కడతాండారు, అందుకే కొంతమంది బ్యాంకాక్ గుడికి పోయినారు. వాళ్లలో శశికళ అని ఒకామె, ఈ పొద్దు పదిగంటలకు అమ్మ పేరుమీద మునుగుతాది."

సుబ్బక్క తమ్ముడి భుజం పట్టుకుంది. "వెంకటేశ్వరమ్మ పేరుమీదనా?"

"ఊ."

"ఓరి నీ బుద్ధి కాల! ఆ పేరు ఇప్పుడు ఎవరిదిరా?"

గోడవారన చాపమీద నాలుగేళ్ల పిల్ల దారపు ఉండతో ఆడుకుంటోంది. సుబ్బక్క మనవరాలు. పోయిన పెద్దల పేరు పుట్టిన బిడ్డకు పెట్టడం ఆ ఇంటి ఆచారం. పేరుతోపాటు ఆ పెద్దలే తిరిగొస్తారని నమ్మకం. పిల్ల మెడ వెనక, అచ్చం పోయిన వెంకటేశ్వరమ్మకు ఉన్నచోటే పుట్టుమచ్చ కనిపించిన రోజున సుబ్బక్క పేరుపెట్టి పిలవడం మానేసింది. ‘మాయమ్మ’ అనే పిలుస్తుంది.

"ఆయమ్మ పైన యాడా లేదురా. ఈడ, నా ఇంట్లోనే ఉండాది. నువ్వు ఎవర్ని ముంచుతాండావు?"

సాయిప్రసాద్ నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. తల్లి పోయింది నీళ్లలోనే కదా. పదహారేళ్ల కింద, తుంగభద్ర కాలువలో నూలు చిలపల కట్టలు జాడిస్తూ పాచిమెట్టు మీద జారింది. సుబ్బక్క చేయి అందుకుంది. అందుకున్న చేయి జారిపోయింది. శవం రెండుమైళ్ల దిగువన దొరికింది.

"ఫోన్ చెయ్! ఆపమను!"

చేశాడు. శశికళ ఎత్తలేదు. "గుడి లోపలికి ఫోన్లు తీసుకుపోకూడదక్కా. వరస రావడం ఆలస్యమైనా, బయటికొచ్చినంక ఆమే చేస్తాది."

"పది అంటే ఈడ పదా, ఆడ పదా?"

అది తమ్ముడికీ తెలీదు.

పిల్లకు చుక్క నీరూ అందకుండా సుబ్బక్క బిందెలు బోర్లించింది. నీళ్లు పోసుకునే జాలాడి తలుపుకు తాళం వేసింది. తాగేనీళ్ల కుండమీద మూతపెట్టి, పైన రుబ్బురాయి పొత్రం ఎత్తింది. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకొని రెండుచేతులా బిగించి పట్టుకుంది. కొడుకూ కోడలూ ఆదోనిలో పెళ్లికి పోయారు, సాయంత్రం గానీ రారు. ఇల్లేమో రేకులది. ఎండకు అది నిప్పులు చెరుగుతోంది.

పదకొండుకు పిల్ల అడిగింది. "అవ్వా, నీళ్లు."

"ఆ ఫోను వచ్చేదాకా రవ్వంతసేపు ఉండు, మాయమ్మా."

పన్నెండయింది, శశికళ ఫోన్ రాలేదు. పిల్ల అడిగి అడిగి ఏడుపందుకుంది. సాయిప్రసాద్ పొత్రం దించి గ్లాసుతో నీళ్లు తెస్తే సుబ్బక్క చేత్తో తోసేసింది. "ఒక్క గుక్క అడ్డం పడితే చాలురా, పానం పోయేదానికి!" పిచ్చిదనుకుంటే అనుకోండి. కాలువగట్టున నిలబడి ఖాళీ చేయి చూసుకున్నవాళ్లకు తెలుస్తుంది ఆ భయం.

ఒంటిగంటకు ఏడుపు ఆగింది. నిద్రపోయిందిలే అని సుబ్బక్క కిందికి చూసింది. పిల్ల కళ్లు తేలేసింది. ఒళ్లు పెనంలా కాలుతోంది.

"అక్కా! నీళ్లలో పడి కాదు, నీళ్లు లేక సస్తాది పాప!"

అది సుబ్బక్కకూ తెలుసు. తెలిసీ చేతులు విడిపడడం లేదు. "రేయ్, ఆమెను నీళ్లలో ఎంతసేపు ఉంచుతారు?"

"ఒక్క చణం. ఒకాయన చేయి పట్టుకొని ముంచుతాడు, వెంటనే లేపుతాడు. ఇడిసిపెట్టడక్కా."

ఆ మాటకు సుబ్బక్క భోరుమంది. తల్లి పోయిననాడు కూడా అట్లా ఏడవలేదు. ఏడుస్తూనే చేయి చాచింది. "తే."

గ్లాసు ఆమే పట్టుకుంది. మొదట పోసిన నీళ్లు పెదవులమీంచి కారిపోయాయి. రెండోసారి గుటక పడింది. మూడోసారి పిల్లకు పొలమారింది.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు. ఎవరు తలుచుకుంటున్నారో సుబ్బక్కకు తెలిసిపోయింది. ఊరు కాని ఊరిలో, నడుములోతు నీళ్లలో నిలబడి, ఎవడో ఇప్పుడే ఆ పేరు పలుకుతున్నాడు. పిల్ల ముఖం ఎర్రబడింది, ఊపిరి అందడం లేదు. ఆమె ఒక చేత్తో పిల్ల మాడు తట్టింది. రెండో చేత్తో ఆ చిన్నచేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది.

"ఎవరివో నాయనా," అని గట్టిగా అరిచింది, గోడకేసి చూస్తూ. "బిగబట్టి పట్టుకో. లేపు. నా మాదిరి ఇడిసిపెట్టద్దు!"

పిల్ల దగ్గి దగ్గి, ఒక్కసారి ఊపిరి లాగి, కేరుమని ఏడ్చింది. చేయి నొప్పి అంది.

సుబ్బక్క వదల్లేదు.